కూతురి పొడుగు

మంచాల షాపులో విడాకులైన మొగుడూ పెళ్ళాం నిలబడి ఉన్నారు. వచ్చే నెల నుంచి కూతురు నెలకు రెండు రాత్రులు తండ్రి ఇంట్లో ఉండాలని కోర్టు చెప్పింది.

“ఈ మంచం ఐదున్నర అడుగులుంది. పిల్లకి చాలదూ?”

“అదెంత పొడుగుందో తెలుసా మీకు?”

“తెలీకపోవడమేమిటి? ఇదిగో, నా భుజం దాకా వస్తుంది.”

“అది ఆరో క్లాసులో. ఇప్పుడు పదో క్లాసు. తాడిచెట్టులా ఎదిగింది, నాకంటే నాలుగు వేళ్ళు ఎత్తు.”

“నెలనెలా చూస్తూనే ఉన్నాగా?”

“కార్లో కూర్చోబెట్టి తీసుకెళ్తారు, హోటల్లో కూర్చోబెడతారు, మళ్ళీ కార్లోనే దింపేస్తారు. పిల్ల నిలబడగా ఎప్పుడు చూశారు గనక?”

“దెప్పడం మాత్రం మానవు కదా! సరే, ఆరున్నర అడుగులది తీసుకుంటా. వెడల్పు కూడా నాలుగడుగులు. హాయిగా దొర్లుతుంది.”

“ఎక్కడ వేస్తారు? ఆ గదినిండా మీ ట్రెడ్‌మిల్లే కదా.”

“అమ్మేస్తా. తడి తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి తప్ప దేనికి పనికొచ్చింది?”

ఆవిడ పరుపు మీది ప్లాస్టిక్ కవరు సర్దుతూ ఉండిపోయింది.

“మళ్ళీ ఏమొచ్చింది? పెద్దదే కొంటానన్నాగా.”

“పొద్దున బయల్దేరేటప్పుడు దాన్నే అడిగాను, ఏ సైజు మంచం కావాలే అని.”

“ఏమంది?”

“చెప్తే బాధపడతారు.”

“ఫర్లేదు, చెప్పు.”

“‘చిన్నదే కొనమనమ్మా. కాళ్ళు బయటికొస్తున్నాయి, నిద్ర పట్టట్లేదని చెప్పి ఇంటికొచ్చేస్తాను’ అంది.”