అక్షరానికో చెంచా గంజి

సెంచా లాక్కుంటే లాక్కున్నావు గాని, నా వేపు అలగ సూడకు చందనమ్మా. కాలేజీ నుంచి ఏలకి ముందే వచ్చీసి, సెప్పులైనా ఇప్పకుండా గుమ్మంలో నిలబడి నా ఎనకాతల నుంచి సూత్తే నీకేటి తెలుత్తాది? అడగొచ్చు కదా. రత్నాలక్కా, మా అమ్మ నోటికాడ గంజి ఎందుకు ఎనక్కి లాగుతన్నావు అని అడిగితే నాను సెప్పనా?

రా, ఈ అరుగు మీద కూకో. మీ అమ్మ, మా టీచరమ్మ, ఎక్కడికీ ఎల్లిపోదు. కుడి కాలూ సెయ్యీ పడిపోయిన మనిషి, ఎక్కడికెల్తాది?

అమ్మ పక్కన ఆ పలక ఎందుకంతావా? సెప్తాను. ముందు మా బడి గురించి సెప్పనీ. అది తెలీకపోతే ఇది నీకు ఎక్కదు.

అప్పటికి నువ్వు సంకలో పిల్లవి. పలాసలో పాసింజరు ఎక్కి మీ అమ్మ మా ఊరు సుమ్మాదేవిలో దిగీది. ఒక సేతిలో గొడుగు, ఒక సేతిలో మురీల డబ్బా, అవే మరమరాలు, సంకలో నువ్వు. నాను పొద్దున్నే ఎల్లి టేసన్లో కాసుకునీదాన్ని. దిగీ దిగడం నిన్ను నా సంకకి మార్సీసి, "నా బంగారుతల్లివే రత్నాలూ" అనీది. మా అమ్మ ఏరోజూ నన్ను అలగ అననేదు.

జీడితోటల మధ్య నుంచి బడి దాకా నడక. నీకు ఎండ తగలకూడదని టీచరమ్మ గొడుగు పట్టీది. నువ్వు నా సంకలో ఉన్నావు గదా, ఆ నీడ నా మీదా పడీది. ప్రమోదిని టీచరు నాకు గొడుగు పడతందని ఊరంతా సెప్పుకున్నాను.

బళ్ళో మీ అమ్మ పద్ధతి ఒకటుండీది. మురీల డబ్బా బల్ల మీద ఎట్టుకుని, ఒక్కో గుంటని లేపీది. అచ్చరం పలికి, పలక మీద రాత్తే గుప్పెడు మురీలు. తప్పితే నేదు. ఎంత ఏడిసినా నేదు. పొద్దున్న గంజినీల్లైనా నేక వచ్చిన గుంటలు మరి. అప్పలరాజు ఆ డబ్బా సూసి లొట్టలేసీవోడు, ఏడిసీవోడు, ఆకరికి రాసీవోడు. ఇప్పుడు ఆడు టెక్కలిలో గుమస్తా.

నాకు మాత్రం ఊరికినే పెట్టీది. నా పలక అడిగీది కాదు. నాను బయట నిన్ను ఎత్తుకుని జోకొడతా ఉంటే, టీచరమ్మే లేసి వచ్చి నా ఒళ్ళో పోసీసి ఎల్లీది. లోపల గుంటలంతా కుల్లుకునీవోరు. నాకెంత గర్వమో ఏటి సెప్పను. అచ్చరం అడక్కుండా పెడతందంటే నానంటేనే ఎక్కువిట్టం అనుకున్నాను. నువ్వైతే ఏటనుకుందువు?

ఒకసారి ఇనస్పెట్రు వచ్చినాడు. బయట నుంచి ఇని ఇని ఆవు పాఠం నాకు నోటికొచ్చీసింది, అది మీ అమ్మకి తెలుసు. పుస్తకం ఇప్పి నా సేతిలో ఎట్టి సదవమంది. నిన్ను సంకలో ఎట్టుకునే గడగడా సదివీసినాను. అతను మెచ్చుకుని, పేజీ తిప్పి, ఇదీ సదువమ్మా అన్నాడు.

అప్పుడు మీ అమ్మ ఏటి సేసిందో తెలుసా? నీ తొడ గిల్లింది. నువ్వు కెవ్వుమన్నావు. "రత్నాలూ, పాప ఏడుత్తంది, బయటికి తీసుకెల్లు" అంది. నాను ఎల్లిపోయినాను. ఆ దినం రెండు దోసిళ్ళ మురీలు పోసి నా బుగ్గ మీద ముద్దెట్టుకుంది. అలాటి ముద్దు నాకు మరి ఎవులూ పెట్టనేదు, మా ఆయన కూడాను.

సదువొచ్చీసిందనే అనుకున్నాను చందనమ్మా, నిజిం. అయిదు పాసని రాసిచ్చి మందస హైస్కూలుకి పంపినారు. మేస్టారు ఒక పుస్తకం నా సేతికిచ్చి సదువు అన్నారు. లేసి నిలబడి ఆవు పాఠం సెప్పీసినాను. "ఆవు సాధు జంతువు, ఆవు పాలు ఇచ్చును" అని ఆకరి దాకా సెప్పినాను. అది లెక్కల పుస్తకమంట.

గుంటలు నవ్వినారు, మేస్టారు నవ్వినాడు. మర్నాడు నాను ఎల్లనన్నాను. మా అమ్మ పలాస తీసుకొచ్చి జీడిపిక్కలు కొట్టడానికి కూకోబెట్టీసింది. అప్పట్నుంచి అదే పని.

ఇదిగో, ఈ యేల్లు సూడు. జీడి నూనికి తోలు కాలిపోయి, గీతలన్నీ అరిగిపోయినాయి. కిడ్నీలు పాడై మా ఆయన సచ్చిపోయినాక పింఛనీకి ఎల్తే, మిషన్ మీద నా యేలు పడదు. పోనీ సంతకం ఎట్టు అంతారు. యేలిముద్రా నేదు, సంతకమూ నేదు. ఎనకాల నిలబడ్డోలంతా సూత్తంటే నాను కింద మట్టి సూసుకున్నాను.

అలాటప్పుడు నువ్వొచ్చినావు మా ఇంటికి. అమ్మకి మాట పడిపోయింది, నన్ను పేరెట్టి పిలవనేకపోతంది, ఒక్కసారి చందనా అంటే సాలు అని నా సెయ్యి పట్టుకుని ఏడిసినావు. అమ్మకి నువ్వంటే పేనం రత్నాలక్కా, నువ్వైతేనే సూత్తావు అన్నావు. కాదన్నానా?

డాట్రు నీ ముందే సెప్పినాడు గదా. సిన్నపిల్లలకి నేర్పినట్టు ఒక్కో అచ్చరం పలికించండి, ఎడంసేత్తో రాయించండి అన్నాడు. నువ్వు పొద్దున్నే టెక్కలి బండెక్కి ఎల్లిపోతావు. పలికించీది ఎవులు?

పలికితే ఒక సెంచా. పలక మీద రాత్తే ఇంకో సెంచా. పలక్కపోతే గిన్నె ఎనక్కి. ఈ పద్ధతి నాను కనిపెట్టిందా? మీ అమ్మదే. రాసిన అచ్చరం దిద్దుకుని నానూ నేర్సుకుంతన్నాను. మొన్న బస్టాండులో ఇచ్ఛాపురం బస్సు బోరుడు మీద మొదటి అచ్చరం పోల్చుకున్నాను. ఇ. బస్సు ఎల్లిపోయినా అక్కడే నిలబడిపోయినాను.

సన్నబడిపోయిందంతావా? అవును, సన్నబడింది. ఏడుత్తందా? అప్పలరాజు ఏడవనేదేటి?

నీకు తెలీంది ఇంకోటి సెప్తాను. వారం కిందట నన్ను మోసం సేసింది మీ అమ్మ. ఉ రాయమంటే ఏదో గీకీసి నోరు తెరిసింది. నాను నమ్మీసి, ఆ సంబరంలో గిన్నెడు గంజీ పోసీసినాను. ఇంటికెల్లి దాన్నే దిద్దుకుని, పక్కింటి ఇందుమతికి సూపిత్తే అది పడీ పడీ నవ్వింది. ఇది అచ్చరమేటే, పురుగు పాకినట్టుంది అంది. మల్లీ నవ్వు. మల్లీ మీ అమ్మ వల్లే.

మర్నాడు పొద్దుటి నుంచి సందేల దాకా గంజి పెట్టనేదు. నువ్వొచ్చి అమ్మ తిందా అంటే, కడుపునిండా తినీసింది అన్నాను. మీ అమ్మ నీ చున్నీ పట్టుకుని లాగింది, గుర్తుందా? ఆకలి సెప్పుకుందామని లాగింది. నువ్వు, "ఎంత పేమ అమ్మకి" అని నుదురు మీద ముద్దెట్టి ఎల్లి పడుకున్నావు.

ఇట్టం నేదనుకుంతన్నావా? నా టీచరమ్మ ఆవిడ. మలం ఎత్తుతాను, ఒళ్ళు తుడుత్తాను, తల దువ్వి పువ్వెడతాను. ఏ రోజైనా మొకం సిట్లించుకున్నానా? గంజి కాడే నాను రత్నాలుని కాదు. ఊరికినే పెట్టడం ఇట్టం కాదని నాకు ఆలీసంగా తెలిసింది చందనమ్మా. అప్పలరాజు అంటేనే మీ అమ్మకి ఇట్టం. ఆడినే ఏడిపించింది.

రావద్దంతావా రేపట్నుంచి? సరే, మానీత్తాను. ఇంకో మనిషిని ఎట్టుకో. మెత్తగా పోత్తారు గంజి, ఊరికినే పోత్తారు. మీ అమ్మ నోరు అలగే ఉండిపోద్ది.

ఉండు, మాటాడకు. ఇను.

ఇన్నావా? ఊ, ఊ అంతంది. మూలుగు కాదు, బాగా ఇను. నిన్నటి పాఠం అది. నాను అడక్కుండానే సెప్తంది, ఆకలేసినట్టుంది. నువ్వు ఇన్నాళ్ళు పక్కన కూకుని అమ్మా అమ్మా అని ఏడిత్తే ఒక్క పలుకైనా పలికిందా?

నీ పేరు ఆవిడ నోట ఇనాలని గదా నీ ఆశ. దానికి చ కావాల. మేము ఇంకా ఊ కాడే ఉన్నాము.

ఆ సెంచా ఇటియ్యి. గంజి సల్లారిపోతంది.