శంకుస్థాపన రాయి గురించి మైకు బాబాయ్ చెప్పింది

నన్ను ఈ వీధుల్లో అందరూ మైకు బాబాయ్ అంటారు. అసలు పేరు మీరు పై గడిలో రాసుకున్నారు. వయసు యాభై రెండు. సభలకు, పెళ్ళిళ్ళకు మైకుసెట్టు అద్దెకిచ్చి బతుకుతున్నాను. రైలు పట్టాలకు ఇవతల, గిడ్డంగుల వెనక సందులో మా ఇల్లు. భార్య పోయింది. మా నాన్న, నేను, మా అమ్మాయి ఉంటాము. నాకు ఏ పార్టీ లేదు. ఈ మాట వాంగ్మూలంలో మొదటే రాసుకోండి సార్, కాస్త పెద్ద అక్షరాలతో రాసుకోండి.

నా మైకుకూ పార్టీ లేదు. పొద్దున ఒకరికి కడతాను, సాయంత్రం వాళ్ళను తిట్టేవాళ్ళకు కడతాను. అద్దె ఇచ్చినవాడి మాట నలుగురికీ వినపడేలా చేయడమే నా పని. ఆ మాట నేను వినను. ఇరవై ఎనిమిదేళ్ళుగా వినకుండా బతికాను, హాయిగా ఉన్నాను.

మా నాన్నకు ఎనభై. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. యూనియన్ మనిషి. పదిమంది ఒకచోట కూర్చుని, ఒకరు అధ్యక్షత వహించి, తీర్మానం చేసి, అర్జీ రాస్తే తప్ప ఆయన దృష్టిలో అది రాజకీయమే కాదు. పట్టాల మీద నడకవంతెన కావాలని ఆయన మొదటి అర్జీ పెట్టేనాటికి నాకింకా మీసాలు రాలేదు. పాలవాడితో బేరం కూడా ఆయన "మిత్రమా" అనే మొదలుపెడతాడు.

మా అమ్మాయికి ఇరవై మూడు. పట్టాలకు అవతల కళ్ళద్దాల దుకాణంలో పని. రోజుకు రెండు పూటలా పట్టాలు దాటుతుంది. దానికి సభలంటే ఆవలింతలు. పార్టీలన్నీ ఆ తానులో ముక్కలే అంటుంది. అలాగని ఊరుకుంటుందా, ఊరుకోదు. ఆగిన గూడ్సు కింద నుంచి దూరే ముసలివాళ్ళను, స్కూలు సంచులతో పరిగెత్తే పిల్లలను వీడియోలు తీసి ఫోన్లో పెడుతుంది. భోజనాల దగ్గర కూర్చున్నామంటే ఇద్దరికీ మొదలు.

"ఫోన్లో బొమ్మలు చూపిస్తే వంతెన ఊడిపడుతుందా? జనాన్ని కూడగట్టాలమ్మా" అంటాడు ఆయన.

"నువ్వు కూడగడుతూనే ఉన్నావుగా తాతయ్యా. కూడిన వాళ్ళు సగం మంది పోయారు కూడా" అంటుంది ఇది.

కాసేపటికి అలిసిపోయి ఇద్దరూ నా మీద పడతారు. "వీడికి చైతన్యం లేదు" అని ఆయన. "నాన్నకేం, గోడ మీద పిల్లి" అని ఇది. అడకత్తెరలో పోకచెక్క బతుకు సార్ నాది. సొంత ఇంట్లో, సొంత సంపాదనతో తెచ్చిన కూడు ప్రశాంతంగా తిని ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు.

నిన్న ఆదివారం. నడకవంతెనకు శంకుస్థాపన అని కౌన్సిలర్ గారి మనిషి వారం ముందే సెట్టు మాట్లాడాడు. మధ్యాహ్నం మూడు గంటలకు ట్రాలీ ఆటోలో సామాను వేసుకుని, రైల్వేస్టేషను వెనక ఖాళీ స్థలానికి వెళ్ళాను. సామానుతో పాటు ఇంకేం తీసుకెళ్ళానో కింద వస్తుంది. వేదిక వెనక నా బల్ల. నాలుగు హారను స్పీకర్లు జనానికి అవతలి చివర స్తంభాలకు కట్టాను. బల్ల పక్కనే జనరేటరు. అది తిరుగుతుంటే అక్కడున్నవాడికి తన మాట తనకే వినపడదు, గొంతు చించుకోవాలి. ఈ సంగతి ముఖ్యం.

నాలుగున్నరకు చేతిమైకు పరీక్షించి, స్విచ్చి ఆన్‌లోనే ఉంచాను. ఎప్పుడూ అలాగే ఉంచుతాను. ఒకసారి కౌన్సిలర్ గారు స్విచ్చి వేయకుండా పది నిమిషాలు ఉపన్యసించి, దిగి వచ్చి నన్ను తిట్టారు. అప్పటి నుంచి అదే అలవాటు. ఆయన కారు వచ్చేస్తోందని వాళ్ళ మనిషి చెబితే పాట ఆపాను.

సరిగ్గా అప్పుడు మా నాన్న వేదిక వెనక్కి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో కాగితాల సంచి.

"ఒరేయ్, రెండు నిమిషాలు మైకియ్యి. ప్రజల తరఫున మాట్లాడాలి."

ఆయన రెండు నిమిషాలు ఎంతసేపో నాకు తెలుసు. కుదరదన్నాను. గోరుచుట్టు మీద రోకటిపోటులా మా అమ్మాయి కూడా దిగబడింది. చేతిలో ఫోను, ఒక వైరు.

"నాన్నా, ఈ వైరు ఒక్కసారి పెట్టనియ్యి. గూడ్సు కదిలినప్పుడు పిల్లలు అరిచిన అరుపు ఉంది ఇందులో. అది వినిపిస్తే చాలు, ఎవడూ మాట్లాడక్కర్లేదు."

"ముందు ఉపన్యాసం. ఆ వేషాలు తర్వాత" అన్నాడు మా నాన్న.

"నువ్వు మొదలెడితే తర్వాత అంటూ ఉండదు తాతయ్యా, జనం ఇళ్ళకు పోతారు" అంది ఇది.

ఇద్దరూ మైకు కోసం చెయ్యి చాపారు. ఇద్దరికీ దొరక్కుండా నేనే చేత్తో పట్టుకున్నాను. పట్టుకుని అరిచాను. నేను చేసింది అంతే. ఏమని అరిచానో మీరు వీడియోలో విన్నారు. నా నోటితో చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను.

"ఛీ, ఆపండి మీ గోల! నీ అర్జీలకు వంతెన రాలేదు, దీని వీడియోలకు రాలేదు, ఇవాళా రాదు! కొత్త మంజూరట, కొత్త రాయట! మన షెడ్డులో టార్పాలిన్ కింద ఉన్నది ఏంటనుకున్నావ్ నాన్నా? ఆ రాయే! సభ అయ్యాక దాచమని నాకే ఇచ్చారు! రెండు ఎన్నికల నుంచీ దాని మీదే ఆంప్లిఫైయర్ పెడుతున్నా! ఇది మూడో శంకుస్థాపన! తేదీ మీద స్టిక్కరు మార్చి మళ్ళీ నా బండిలోనే తెప్పించారు! గొయ్యి తియ్యడానికి ఒక్క గడ్డపారైనా తెచ్చారా? వాళ్ళు కట్టరు, మీరు కట్టించలేరు, మధ్యలో నా ప్రాణం తియ్యకండి!"

మా అమ్మాయి నా చేతి వైపు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మైకు మీద పచ్చ లైటు వెలుగుతోంది.

ముందు జనం నవ్వారట. నాకు జనరేటరు హోరే తప్ప ఏమీ వినపడలేదు. నేను ముందుకు వెళ్ళేసరికి ఎవరూ నవ్వడం లేదు. ఒక ఆడమనిషి వచ్చి రాయి మీద ముసుగు లాగేసింది. ఇంకెవరో గోటితో స్టిక్కరు గీకారు. దాని కింద ఇంకో స్టిక్కరు. దాని కింద చెక్కిన తేదీ. తర్వాత ఎనిమిది మంది ఆ రాయి ఎత్తుకుని మున్సిపల్ ఆఫీసు దాకా మోసి, గేటుకు అడ్డంగా పెట్టారు. నేను మోయలేదు. నాకు నడుం నొప్పి. ఆ రాయి మోసీ మోసీ వచ్చిందే.

కౌన్సిలర్ గారు కారు దిగకుండానే వెళ్ళిపోయారు. ఆరు గంటలకు మీవాళ్ళు వచ్చి నా సెట్టు జీపెక్కించారు. జనాన్ని రెచ్చగొట్టానని ఫిర్యాదు. నేను జనంతో మాట్లాడలేదు సార్. మా ఇంట్లోవాళ్ళతో మాట్లాడాను. నా ఖర్మ కాలి ఊరంతా విన్నది.

ఈ ఉదయం మా నాన్న తువ్వాలు, మాత్రలు సర్దుకుని ఇక్కడికి వచ్చి, అరెస్టు చేయమని బల్ల మీద కూర్చున్నాడు. ఇది దశాబ్దాల పోరాట ఫలితమట. మా అమ్మాయేమో, ముందు వరసలో ఎవరో తీసిన వీడియో తను పెట్టింది కాబట్టే ఇదంతా కదిలిందంది. మీ పోలీసు స్టేషనులో కూడా అదే తగువు. అరిచింది నేను. సెట్టు పోయింది నాది. పేరు మాత్రం వాళ్ళిద్దరూ పంచుకుంటున్నారు.

మీరు మంచిగానే చెప్పారు, కాదనను. "కోపంలో నోటికొచ్చిన అబద్ధం ఆడాను, రాయి సంగతి నిజం కాదు" అని ఒక్క వాక్యం రాస్తే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారన్నారు, సెట్టు సాయంత్రానికి ఇంటికి వస్తుందన్నారు. సెట్టు లేకపోతే మాకు పూట గడవదు. ఈ నెలలో నాలుగు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాను. ఆ వాక్యం మీరు రాస్తుంటే ఊరుకున్నాను. పెన్ను కూడా చేతిలోకి తీసుకున్నాను.

అప్పుడు మా నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. "పెట్టెయ్‌రా. వెనకడుగు కూడా ఒక ఎత్తుగడే. మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు.

"అవును నాన్నా, పెట్టెయ్. వీడియో ఎలాగూ జనంలోకి వెళ్ళిపోయింది. నీకెందుకు ఈ తలనొప్పి, నీకివి తెలియవు" అంది మా అమ్మాయి.

నా మీద ప్రేమతోనే అన్నారని తెలుసు. అయినా ఒళ్ళు మండిపోయింది. నిజం చెప్పాలని ఒకరు, నిజం చూపించాలని ఒకరు, ఇన్నేళ్ళూ నా చెవులు తినేసి, తీరా నేను ఒక నిజం అంటే అది అబద్ధమని సంతకం పెట్టమంటారా? ఎత్తుగడలు నాకు రావు. ఆ రాయి మా షెడ్డులో ఉండేది. దాని మూల తగిలి నా బొటనవేలి గోరు రెండుసార్లు ఊడింది. ఉన్న రాయిని లేదని ఎలా రాయను?

అందుకే ఆ వాక్యం కొట్టేయమన్నాను. కొట్టేసిన చోట పక్కన నా పొడి సంతకం పెట్టాను. మావాళ్ళిద్దరూ చూశారు.

సెట్టు మీ దగ్గరే ఉండనివ్వండి. మీ వరండా కప్పు కారుతోంది, ఆంప్లిఫైయర్‌ను గోడ వైపు జరిపి పైన ఏదైనా కప్పండి. పెళ్ళివాళ్ళకు నేను చెప్పుకుంటాను.

రాసినదంతా మీరు చదివారు, నేను విన్నాను. నేను అన్నట్టే ఉంది, ఇదంతా నిజం. దీన్ని నాచేత మా నాన్న చెప్పించలేదు, మా అమ్మాయి చెప్పించలేదు, మీరూ చెప్పించలేదు. నేనే చెప్పాను.

(సంతకం)