గంగరత్నం పెట్టకి పెళ్ళిచూపులు

వరహాలని ఉన్నాడు చూడండి, మనిషి మంచోడే గానీ కోళ్ళ గురించి ఎవడన్నా నోరిప్పితే చాలు, "ఆగరా, నాకు చెప్తావేటి" అని అడ్డం పడిపోయే రకం. ఆడి పెళ్ళాం గంగరత్నం. కాపరానికొచ్చినప్పుడు పుట్టింటి నించి ఓ పెట్టని చంకనెట్టుకునొచ్చిందంట. గోధుమరంగు పెట్ట, బొద్దుగా ఉండేది, కాళ్ళకి కూడా బొచ్చు, మేజోళ్ళు తొడుక్కున్నట్టు. పిల్లప్పట్నించీ తన చేత్తో మేపుకుంది, అదంటే పేణం. పిలిస్తే పలికేదంట. నవ్వుతావేటే సూరమ్మా, కోడి పలకదా? మీ ఆయన పలకడు గానీ కోడి పలుకుద్ది. సరే, ఏమైందంటే, ఓనాడు గంగరత్నం అందంట, ఏమయ్యో, నా పెట్ట పెరట్లో ఒక్కతీ బిక్కుబిక్కుమంటా తిరుగుతుంది, దానికి తోడు నాలుగు కోళ్ళు తేరాదా అని. తోడు అనే అంది పాపం, ఇంకో మాటన్లేదు.

ఆ ఊళ్ళో కోడిని కొనాలంటే ముందు బుల్లెబ్బాయి బాబాయిని అడగాలి, అది ఆళ్ళ అలవాటు. ఆయన పందేల్లో పండిపోయిన ముసలాయన. ఏ వారం ఏ రంగు గెలుస్తాది, ఏ రంగు మీద ఏ రంగు నెగ్గుద్ది, నిద్దట్లో లేపి అడిగినా చెప్పేస్తాడు. వరహాలు ఎల్లి, బాబాయ్, పెరట్లోకి కోళ్ళు కావాలి, మంచివి చెప్పు అన్నాడు. మంచిదంటే ఆయనకి నెగ్గేదే కదండీ! డేగ పుంజుని తెమ్మన్నాడు, ఎర్రగా నిప్పుకణికలాంటిది, మోకాలి పైకొచ్చేది. పందెం జాతి పెట్ట, నల్లటిది, దాన్ని తెమ్మన్నాడు. ఈ వారం తెలుపుకి బలం రా అని ఫారం తెల్లకోడిని తెమ్మన్నాడు. పెరటికి కాపలా ఉంటాదని గిన్నికోడొకటి. ఇయ్యన్నీ తెచ్చి పెరట్లో వొదిలి, "చూసేవే, ఒక్కటి కూడా ఓడే రకం కాదు" అని మీసం తిప్పేడంట. ఓరి నీ తెలివి తగలెయ్య! అన్నీ నెగ్గేవే తెస్తే ఓడేదెవరు? ఎవరో ఒకళ్ళు ఓడాలి కదా. ఆ ఓడ్డానికి గంగరత్నం పెట్ట దొరికింది.

ఇంక చూస్కో. డేగ ఒక పక్కనించి తన్నుద్ది, నల్లపెట్ట ఇంకో పక్కనించి మెడమీద పొడుస్తాది. గిన్నికోడేమో గింజల దగ్గరికి ఎవర్నీ రానియ్యదు, పైగా పొద్దస్తమానం ఒకటే అరుపు, పక్కింటోళ్ళు చెవుల్లో దూదెట్టుకున్నారనుకో. తెల్లకోడి సంగతి మరీ అన్యాయం. దానికి నేల గీరుకోడం కూడా తెలీదు, ఎవరో తెచ్చి మేతెయ్యాలి గావాల, చూరు కింద అలా నిలబడే ఉంది. గంగరత్నం పెట్ట ఏం చేసిందంటే, ఎగిరి పెంకుటింటి మీదకెక్కేసింది. దిగదే! గుడ్డు కూడా అక్కడే పెట్టింది. ఆ గుడ్డు దొర్లుకుంటా దొర్లుకుంటా వచ్చి, నా కోళ్ళెలా ఉన్నాయిరా అని చూడ్డానికొచ్చిన బుల్లెబ్బాయి బాబాయి బట్టతల మీద టప్ మంది. ఆయన తుడుచుకుని, "శుభం రా" అన్నాడంట! గంగరత్నం నవ్వలేదు. ఏడ్చింది. నిచ్చెనేసి పెట్టని దింపితే మెడమీద ఒక్క ఈక లేదు, రక్తం చెమరుస్తుంది. అంతే, బట్టలు మూటగట్టింది, పెట్టని చంకనెట్టుకుని పుట్టింటికని రేవుకేసి నడిచింది.

వరహాలు ఎనకాల పరిగెట్టేడు. అయ్యో రత్నం, నేనేం తప్పు చేసేనే, ఊరందరికంటే గొప్పవే తెచ్చేను కదా అంటాడు. ఆవిడ పడవ దగ్గర ఆగి అడిగిందంట, "నన్ను చూసుకోడానికొచ్చినప్పుడు, ఈ పిల్ల ఎవర్ని కొట్టగలదు అని అడిగేరా మీవోళ్ళు?" "లేదు." "మరేటడిగేరు?" "మా అమ్మతో సర్దుకుంటావా అని అడిగేరు." "మరి కోళ్ళకాడ ఆ మాటెందుకడగలేదు?" ఆవిడ పెట్టని ఈడి చేతిలో పెట్టి, "దీనికి సరిపోయేవి చూసి కట్టబెట్టు. ఒకే పళ్ళెంలో అన్నీ కలిసి తిన్ననాడు కబురెట్టు, వస్తాను. లేదంటే నేనక్కడే, నువ్విక్కడే" అని పడవెక్కేసింది.

ఇల్లు చిన్నబోయిందంట. మర్నాడు పెట్టని గంపలో పెట్టుకుని, తౌడు ముద్దా సత్తు పళ్ళెం పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలెట్టేడు. ఏటి వరహాలూ, కోడినమ్ముతావా అంటే, లేదక్కా, సంబంధం చూత్తన్నాను అంటాడు. పళ్ళెం మధ్యలో పెట్టి, ఈ పెట్టనీ ఆళ్ళ కోడినీ వొదిలి గొంతుక్కూచునేవోడు. మెడమీదకొస్తే, "అమ్మా, ఈ సంబంధం మనకొద్దు" అని గంపెత్తుకునేవోడు. ఊరంతా పడీపడీ నవ్వింది. నవ్వనీ. తిరగ్గా తిరగ్గా ఆడికే తెలిసింది, మరీ పెద్దది తొక్కేస్తాది, మరీ చిన్నది నలిగిపోతాది, ఈడూ జోడూ ఒక్కలా ఉండాలి, పెరట్లో గీరుకు తినే అలవాటుండాలి అని. ఆఖరికి ఓ చుక్కల పెట్ట, ఓ బోసిమెడ పెట్ట, పురుగు దొరికితే తను తినకుండా కొక్కొక్కొమని పెట్టల్ని పిలిచే ఓ నెమ్మదైన పుంజు కుదిరేయి. వాటిని కూడా ఒక్కసారే వొదల్లేదండోయ్, మెడ పుండు మానిందాకా గంపల కిందుంచి, పక్కపక్కనే మొహాలు చూసుకోనిచ్చి, అప్పుడు వొదిలేడు. డేగనీ నల్లదాన్నీ బాబాయికే ఇచ్చేసేడు, ఆయనింట్లో ఇప్పుడు మంచమెక్కితే గానీ కూర్చునే వీల్లేదంట. గిన్నికోడి తోట కాపలాకెళ్ళింది. తెల్లదాన్ని గూళ్ళలో పెంచుకునే వాళ్ళకిచ్చేసేడు.

కబురందుకుని గంగరత్నం వచ్చింది. పెరట్లో అన్నీ ఒకే పళ్ళెంలో తలలెట్టి తింటన్నాయి. చూసి కళ్ళు తుడుచుకుంది. అయినా లోపలికెళ్ళి ఏం చేసిందంటారు? ఒక్కటే కంచం తెచ్చింది. అన్నం పెట్టి, చేపల పులుసేసి, కొరమేను తలకాయ ముక్క ఒక్కటే మధ్యలో పెట్టి, "కోళ్ళు సర్దుకున్నాయి. మనం సర్దుకుంటామో లేదో చూద్దాం, కూచో" అంది. వరహాలు ముక్కని ఆవిడ పక్కకి తోసేడు. ఆవిడ ఇటు తోసింది. నువ్వు తినంటే నువ్వు తిను, కాదు నువ్వే అని ఇద్దరూ మర్యాదలు చేసుకుంటా ఉంటే, గడప దాటొచ్చి పెట్ట ఆ తలకాయని ముక్కున కరుచుకుని పెరట్లోకి పారిపోయింది. నాలుగూ కలిసి పంచుకు తినేసేయంట, పొట్లాట లేకుండా. ఈళ్ళిద్దరూ ఉత్త పులుసన్నం నవ్వుకుంటా తిన్నారంట.

ఆయ్, అదండీ. మా ఇంట్లో అంత మర్యాదల్లేవు బాబూ, తలకాయ ముక్క నేనే ముందు లాగేసుకుంటాను. మా ముసిలోడు పొడవడు, అందుకే ఉన్నాను.