గుయ్యిమనే మోత

గౌడవెల్లిలో ఆ పొద్దున, పాటల డెక్కు స్పీకర్లలో గుయ్యిమనే మోత ఒక్కసారిగా ఆగేసరికి పొయ్యి ముందున్న తల్లి వెనక్కి తిరిగి చూసింది.

"ఏం జేసినవ్ కొడుకా?"

"బాగు జేసిన. ఇను, పాట ఎంత సాఫ్ వస్తాందో!"

"నిన్న డెక్కు డబ్బా ముడితే సుర్రుమని షాక్ కొట్టిందంటివి?"

"గందుకే ఎర్త్ ఇచ్చిన. మోత వోయింది, ఇగ సుర్రుమనుడు గూడ ఉండది."

"మనింట్ల ఎర్త్ ఏడున్నదిరా?"

"వైరు తీస్కవోయి నల్లా పైపుకు సుట్టిన."

"నల్లాకు కరెంటు వెట్టినవా!"

"కరెంటు గాదే అమ్మా, ఎర్త్! నీకు అన్నింట్ల సావే కనవడ్తది. మొన్న మిక్సీ తెస్తే గూడ ఏడిస్తివి. ఇనుప పైపు భూమిల్నే ఉంటది, ఏం గాదు."

"ఇనుపది ఏడున్నదిరా? ఎండకాలంల మీ బాపు తవ్వి ప్లాస్టిక్‌ది ఏసిండు. నల్లా కాడి ముక్క ఒక్కటే ఇనుపది."

ప్లాస్టిక్ ఉంటే డబ్బాలోని కరెంటు భూమిలోకి దిగదు, నల్లాలోనే ఉంటుందని కొడుకుకు తట్టింది.

"చెల్లె ఏడున్నదే?"

"బిందె వట్టుకొని ఇందాకనే నల్లా కాడికి వోయింది... యమునా! ఓ యమునా!"

కొడుకు కరెంటు మెయిన్ స్విచ్ వైపు పరుగెత్తాడు. పాట ఆగింది. పెరట్లో బిందె నిండి నీళ్లు పొర్లుతున్న చప్పుడు మాత్రం ఆగలేదు.