ఎడమ జేబు

ఎవరదీ, నేవియావా? రా తల్లీ, రా. గేటు గడియ వెయ్యి, కోళ్ళు బయటికి పోతాయి. నిన్న సాయంత్రం మీ కారు రావడం చూశాన్లే. ఎలా ఉంది సముద్రం, ఇంకా ఉప్పగానే ఉందా? కాస్త నల్లబడ్డావు, బాగుంది. మరి ఈ రూడీగాడేంటి, నీ వంక చూడనే చూడ్డం లేదు? అలిగాడా? తిండి ముట్టలేదా? ముట్టడు మరి. పది రోజులు పూలా పట్నంలో ఎవరిదో బోనులో పడేసి వెళ్తే, రాగానే కాళ్ళకి చుట్టుకుంటాడనుకున్నావా? రెండ్రోజులు గోడకేసి తిరిగి పడుకుంటాడు, మూడో రోజు నీ చెప్పు ఒకటి కొరికేస్తాడు, దాంతో సరి. ముందు ఆ సూట్‌కేసు మంచం కిందకి తోసెయ్యి. అది కంటికి కనపడుతున్నంతసేపూ వీళ్ళు మళ్ళీ పోతారేమోనని వాడి భయం వాడిది. నువ్వెందుకొచ్చావో నాకు తెలుసులే. పక్కింట్లోనే ఉండి, పొద్దస్తమానం ఖాళీగా కూర్చునే ముసలాణ్ణి, కుక్కని పది రోజులు చూడమంటే ఎందుకు చూడనన్నానా అని. కోపం వచ్చింది కదూ? మీ ఆయనకైతే ఇంకా వచ్చుంటుంది. కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది.

బ్లాజ్ అని ఒకడుండేవాడు. నువ్వు పుట్టకముందే పోయాడులే. మీరిప్పుడుంటున్న ఇల్లు వాడిదే. ఆ గోడకి అటు వాడూ వాడి పెళ్ళాం ఫూమా, ఇటు మేమూ. నాకంటే పదేళ్ళు పెద్దవాడు, అయినా ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్ళం. ఇద్దరిదీ ఒకటే పని, కింద మీర్నా ఏటి అడవిలో ఓక్ చెట్ల వేళ్ళ దగ్గర ట్రఫుల్ గడ్డలు తవ్వుకోవడం, అదే, కుక్క వాసన పడితే తప్ప దొరకని, బంగారం ధర పలికే నేలలోపలి పుట్టగొడుగులు. ఇప్పుడంటే టూరిస్టుల్ని వెంటేసుకుని ఊరేగింపులా వెళ్తున్నారు గానీ, అప్పట్లో ఎవడి చోటు వాడిదే. కట్టుకున్నదానికి కూడా చెప్పేవాళ్ళు కాదు. చోటు తెలిసేది మనిషికీ, వాడి కుక్కకీ, అంతే. మా నాన్న పోయేముందు ఫాదరుగారికి పాపాలన్నీ ఒప్పుకున్నాడు, చోటు మాత్రం చెప్పలేదు. అదీ మా ఊరు. బ్లాజ్‌కి రెండు కుక్కలుండేవి. మోరో అని ఒక ముసలిది, చెవుడు, పొయ్యి పక్కన పడుండేది. ఇంకోటి దీనా. ఉంగరాల జుట్టు, గోధుమరంగు, ఆడకుక్క. దాని ముక్కు లాంటి ముక్కు మళ్ళీ ఈ లోయలో పుట్టలేదు. నేను చాలా కుక్కల్ని చూశాను, ఊరికే అనడం లేదు.

ఏంటీ, ఈ యాష్‌ట్రేనా? గవ్వలు అంటించి ఉంటే ముచ్చటగా ఉందా? అది ఫూమా తెచ్చిందే, ఆ ప్రయాణంలోనే. దాని సంగతికే వస్తున్నా. ఫూమా కుట్టు ఫ్యాక్టరీలో పని చేసేది. ఒక ఏడు యూనియన్ వాళ్ళు ఆవిడకి దీవిలో వాళ్ళ విడిదిలో పది రోజులు ఇచ్చారు, మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ. ఇచ్చింది ఎప్పుడనుకున్నావు? సెప్టెంబరు నెలాఖరున, సరిగ్గా తెల్ల ట్రఫుల్ గడ్డ మొదలయ్యే వేళకి. బ్లాజ్ గింజుకున్నాడు. "అడవి నన్ను పిలుస్తుంటే నన్ను తీసుకెళ్ళి ఇసకలో కూచోబెడతావా?" అన్నాడు. ఫూమా గొంతు పెంచే మనిషి కాదు. "పందొమ్మిదేళ్ళలో నిన్నేమైనా అడిగానా బ్లాజ్?" అంది, అంతే. వాడు సూట్‌కేసు దించాడు. కుక్కల్ని అక్కడికి రానివ్వరు. "ఒరేయ్ మీకులా, చూస్తావుగా?" అన్నాడు నాతో. చూడకేం, అన్నాను. దీనా తాడు నా చేతికిచ్చేటప్పుడు ఒక్క క్షణం వదల్లేదు. అది ఇప్పటికీ ఈ చేతికి తెలుస్తుంది.

అడవికి తీసుకెళ్ళాలని నేననుకోలేదమ్మా. నమ్మితే నమ్ము. నా కుక్క ఆ వసంతంలోనే చచ్చిపోయింది, ఇంకోటి తెచ్చుకోలేదు. మూడో రోజు పొద్దున ఊరికే తిప్పుదామని వంతెన దాకా తీసుకెళ్ళాను. అక్కణ్ణించి అదే లాక్కెళ్ళింది. నేను తాడు పట్టుకుని వెనకాల నడిచాను, అంతే. అంతే అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. పాత మిల్లు వెనక, ముళ్ళ డొంక దాటాక, రెండు ఓక్ చెట్లు. ఇరవై ఏళ్ళుగా ఊరంతా ఎక్కడా ఎక్కడా అని కొట్టుకున్న బ్లాజ్ చోటు. దీనా రెండుసార్లు గీరి, కూర్చుని, నా మొహంకేసి చూసింది. గడ్డ నా పిడికిలంత ఉంది. కుక్క తవ్విపెడితే అప్పటికప్పుడు దానికి ఏదో ఒకటి పెట్టాలి కదా. జేబులో గొర్రె చీజ్ ముక్క ఉంటే పెట్టాను. నాది ఎడమచేతి వాటం, నా జేబు ఎడమ జేబు. బ్లాజ్ కుడి జేబులోంచి ఎండు రొట్టె ముక్క తీసి పెట్టేవాడు. ఎండు రొట్టె తిన్న నోటికి చీజ్ రుచి తగిలితే ఇంక చెప్పాలా. మా వాళ్ళలో ఇదో కట్టుబాటు, ఇంకొకడి కుక్కకి గడ్డ తీసిన గుంట దగ్గర నీ చేత్తో పెట్టకూడదు. ఇంట్లో పీకలదాకా పెట్టు, ఎవడూ ఏమీ అనడు. గుంట దగ్గర పెట్టకూడదు. నాకు తెలుసు. తెలిసే పెట్టాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాను.

ఆ పదిరోజులూ మోరో మాత్రం గేటు దగ్గర బస్సు వచ్చే దిక్కుకే తిరిగి కూర్చుంది. వాళ్ళు దిగిన రోజు ఉందే, మోరో లేచి వెళ్ళి వాళ్ళకి వీపు పెట్టి పడుకుంది. దీనా అయితే ఫూమా గౌను చింపేసింది, సంబరం పట్టలేక గుమ్మంలోనే తడిపేసింది. ఇంటినిండా ఇసకే. ఫూమా ఊడ్చీ ఊడ్చీ, "సముద్రం మన వెంటే వచ్చింది బ్లాజ్" అని నవ్వుతోంది. తీగ నిండా బట్టలు ఆరేసింది. పొద్దున్నే మొక్కజొన్న సంకటి, గిన్నె అడుగంటిన మాడు కుక్కలకి, బ్లాజ్ కాళ్ళ దగ్గర ఒకటీ ఫూమా కాళ్ళ దగ్గర ఒకటీ. రెండో రోజుకి మోరో దిగొచ్చి వాడి చెప్పు మీద తల పెట్టుకుంది. నాకివన్నీ గోడ మీంచి కనపడేవి. ఆ ఇల్లు అంత కళగా ఉండగా నేను చూసింది ఆ మూడు రోజులే. నాలుగో రోజు వాడు దీనాని తీసుకుని అడవికి వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం మొగుడూ పెళ్ళాం ఇద్దరూ దీనాని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చారు, ఇదిగో, ఈ ద్రాక్ష పందిరి కిందకే. ఫూమా ఈ యాష్‌ట్రే ఇచ్చింది, "అన్నయ్యా, నువ్వు బూడిద నేల మీద రాల్చకుండా" అని. బ్లాజ్ రుమాల్లోంచి చిన్న గడ్డ ఒకటి తీసి, ఆ మూల మట్టిలో పాతి, కాలితో తొక్కాడు. "వెతుకు" అన్నాడు దీనాతో. దానికెంతసేపు, గీరి తీసింది. వాడు కుడిచేతిలో రొట్టె ముక్క పట్టుకుని చాపాడు. అది ఆ చేతిని దాటుకుని నా దగ్గరికొచ్చింది. వచ్చి నా ఎడమ జేబులో ముక్కు దూర్చింది. ఫూమా ఒకటే నవ్వు, "పదిరోజుల్లో అన్నయ్య దీన్ని బుట్టలో వేసుకున్నాడే" అని. నేనన్నాను, "ఇంట్లో చీజ్ పెట్టేవాణ్ణిలే, మరిగింది" అని. బ్లాజ్ నా జేబుకేసి చూశాడు, నాకేసి చూశాడు. "అలాగా" అన్నాడు. ఇంట్లో చీజ్ తిన్న కుక్క ఇంట్లో అడుగుతుంది తల్లీ, మట్టి గీరి వచ్చి అడగదు. అది వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

అప్పుడే చెప్పెయ్యాల్సింది. తిట్టేవాడు, ఒకటి పీకేవాడు, ఒక శీతాకాలం మాట్లాడేవాడు కాదు. చెప్పలేదు. ఇక దీనా ఎక్కడ కనపడితే అక్కడ నా జేబు మీదకే. కొట్టు దగ్గర, చర్చి మెట్ల మీద, సారా దుకాణంలో. ఒకరోజు అక్కడ గడ్డలోళ్ళందరూ ఉండగా నా పక్కన చేరి మూతి పెట్టింది. ఒకడు అననే అన్నాడు, "ఏంటి మీకులా, బ్లాజ్ కుక్క నీ జేబు వదలదేంటి?" అని. అందరూ గ్లాసులు దించారు. మా ఊళ్ళో ఆ ప్రశ్న చాలు. అంతకు తక్కువకే ఇళ్ళు తగలబెట్టారు, మా చిన్నప్పుడు ఒకణ్ణి ఊళ్ళోంచే తరిమేశారు. బ్లాజే అందుకున్నాడు. "పాడైపోయిందిరా ఈ కుక్క. ఇల్లు వదిలి సముద్రం సముద్రం అని తిరిగొచ్చామా, చెడింది. ఎవడి జేబైనా నాకుతుంది. అమ్మేస్తున్నా" అన్నాడు. అన్నట్టే ఆ వారమే ఉచ్కా కొండ అవతలివాడెవడికో ఇచ్చేశాడు.

ఫూమా ఏడ్చింది. మొగుడన్న మాట ఆవిడ చెవిన కూడా పడింది కదా. "నేను ఆ పదిరోజులు అడక్కుండా ఉండాల్సింది" అనేది. మూడు వారాలకి దీనా తిరిగొచ్చింది, కొండ దాటి, కాళ్ళు పగిలి నెత్తురోడుతూ. వచ్చి ఎవరి గేటు ముందు కూర్చుందనుకున్నావు? వాళ్ళ గేటు కాదు తల్లీ. ఇది. ఈ గేటే. పొద్దున్నే తలుపు తీసేసరికి నా ఎడంవైపుకొచ్చి నిలబడింది. బ్లాజ్ గోడ మీంచి చూశాడు. తాడు తెచ్చుకుని, తీసుకెళ్ళి మళ్ళీ ఆ కొండ అవతలివాడికే అప్పగించాడు. ఆ చలికాలంలోనే చచ్చిపోయిందని తెలిసింది. మోరో అంతకుముందే పోయింది, తిండి మానేసి. ఆ ఇంట్లో మళ్ళీ కుక్క లేదు. బ్లాజ్ సిమెంటు ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు, మిల్లు వైపు కాలు పెట్టలేదు. నేనూ పెట్టలేదులే, అదేదో గొప్పని కాదు. ఫూమా ఆ తర్వాత సముద్రం చూడలేదు. చర్చి దగ్గర ఎత్తు మీద బెంచీ ఉంది కదా, అక్కణ్ణించి కనపడుతుందిగా, ఆవిడ సముద్రానికి వీపు పెట్టి కూర్చునేది. ప్రతి ఆదివారం నన్ను పిలిచి సూప్ పోసేది. నేను తాగేవాణ్ణి. ఆరేళ్ళు తాగాను. ఆవిడ పోయింది.

బ్లాజ్ ఇంకో మూడేళ్ళున్నాడు. చివర్లో నేనే చూసుకున్నాను, ఎవరున్నారు మరి. ఒకరోజు దిండు సర్దుతుంటే, "ఎన్నిసార్లు వెళ్ళావురా?" అన్నాడు. ఏమడుగుతున్నాడో నాకు ఆలోచించే పనే లేకపోయింది. ఆరు, అన్నాను. "నేను ఏడనుకున్నా" అన్నాడు. తెలిసీ దాన్నెందుకురా అమ్మేశావు, అన్నాను. వాడు నవ్వాడు, నవ్వితే దగ్గొచ్చింది. "దానికేమో అబద్ధం చేతకాదు, నీకేమో నిజం చేతకాదు. ఇద్దర్నీ పెట్టుకుని ఈ ఊళ్ళో ఎలా బతకనురా? ఒకర్ని అమ్మాలి. నిన్నెవడు కొంటాడు?" అన్నాడు. మరి ఫూమాకి చెప్పావా, అని అడిగాను. "చెబితే నీకు సూప్ పోసేదా?" అని, గోడకేసి తిరిగి పడుకున్నాడు. మరి ఆవిడ, తన సరదా వల్లే ఇల్లు పాడైందనుకుంటూ పోయిందమ్మా. మేమిద్దరం మగాళ్ళం పక్కనే కూర్చుని, రొట్టె ముంచుకుని తింటూ...

ఈ రూడీగాణ్ణి అటు తీసుకో తల్లీ. లేదురా, ఏం లేదు ఇందులో. ఈ జేబు కుట్టేసుకున్నాను, చూడు. నేవియా, వీణ్ణి తీసుకెళ్ళమ్మా. మబ్బు పట్టింది, తీగ మీద నీ బట్టలున్నట్టున్నాయి.