గడియారం హోటల్లో నాన్న గ్లాసు

“ఆగండి ఆగండి, అందరూ వినాలి ఇది. చెల్లెమ్మా, ఆ స్టవ్వు కాస్త తగ్గించు, బుస్సుమంటూ ఒక్క ముక్క విననివ్వట్లేదు. మా అమ్మాయి వాయిస్ పెట్టింది. ఎక్కణ్ణుంచో తెలుసా? పెళ్ళైన కొత్తలో నేను లిఫ్టు బిగించడానికి వెళ్ళానే, ఆ రేవు పట్నం నుంచి! ఆఫీసు పని మీద వెళ్ళింది. వినండి, వినండి.”

లిఫ్టు మెకానిక్కు ఫోను బల్ల మీద పెట్టి శబ్దం పెంచాడు. టీ కొట్టావిడ చేతిలో గరిటెతోనే ముందుకి వంగింది. పక్క షాపు టైలరు మెడలో టేపుతో సహా వచ్చి కూచున్నాడు. బల్ల చివర మెకానిక్కు భార్య, కూరల సంచీ ఒళ్ళో పెట్టుకుని టీ ఊదుకుంటోంది.

“నాన్నా, పనైపోయింది. ఈ ఊరి పేరుతో ఒక కాక్‌టెయిల్ ఉంటుందని చెప్తుంటావే, అది ఎక్కడ తాగాలా అని మావాళ్ళు కొట్టుకుంటున్నారు. ఒకళ్ళు రేవు పక్కన చెక్క బారంటారు, ఒకళ్ళు పాత బజారు సందులో బాగా కలుపుతారంటారు. నేను మాత్రం గడియారం హోటల్ పై అంతస్తే అన్నాను. మా నాన్న పేరు చెక్కిన గ్లాసు అక్కడ కౌంటరు వెనక వేలాడుతుంటుంది, రండి చూపిస్తా అన్నాను. ఎవ్వరూ నమ్మట్లేదు! మా మేడమ్ కూడా వస్తోంది. బయల్దేరుతున్నాం. గ్లాసు ఏ వైపుంటుందో చెప్పు, కుడి వైపా, ఎడమా?”

“గ్లాసా!” అన్నాడు టైలరు. “బావగారూ, ఇన్నేళ్ళుగా ఈ బల్ల అరగ్గొడుతున్నాం, ఈ గ్లాసు సంగతి మాకు చెప్పలేదే?”

“మన గొప్ప మనం చెప్పుకుంటే బాగోదని ఊరుకున్నానయ్యా. చిన్నపిల్ల అన్నం తినకపోతే దానికి చెప్పేవాణ్ణి. అది గుర్తు పెట్టుకుంది. ఏం చేస్తాం.” మెకానిక్కు మొహం తుడుచుకున్నాడు. ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని బొటనవేలుతో నొక్కి పట్టాడు.

“అమ్మలూ, నేను, నాన్నని. కంగారుపడి బయల్దేరిపోకండి. ముందు నా మాట విను. ఆ డ్రింకు తాగాలంటే చోటు తెలిసుండాలి, బోర్డు చూసి దూరిపోకూడదు. రేవు పక్కన చెక్క బారుందే, అది వద్దు, ఆ గాలికి గ్లాసు సగమయ్యేసరికి మిగతా సగం ఉప్పగా తేలుతుంది. అంటే, మరీ వద్దని కాదు. మంచిదే. అసలు అక్కడికే వెళ్ళండి. బజారు సందులోది ఇంకా మంచిది. గడియారం హోటలు మాత్రం ఇప్పుడు మునుపటిలా లేదట, ఎవరో అన్నారు.”

“ఎవరన్నారు?” అంది టీ కొట్టావిడ.

“ఎవరో ఒకరు అంటారులే చెల్లెమ్మా! ఊళ్ళన్నీ మారిపోవట్లేదూ?”

“అది సరే, గ్లాసు సంగతి చెప్పండి,” అన్నాడు టైలరు. “అమ్మాయి కుడి వైపా ఎడమా అనడుగుతుంటే మీరు ఉప్పు గురించి చెప్తారేం?”

ఇక తప్పలేదు. పైగా నలుగురూ తనవైపే చూస్తున్నారు, చూస్తే ఆయన ఆగలేడు.

“చెప్తా. అమ్మలూ, నువ్వూ విను. పాత లిఫ్టు పీకేసి కొత్తది వేశాం ఆ హోటలుకి. నేను జూనియర్ని. పగలంతా లిఫ్టు షాఫ్టులోనే, చీకట్లో, మెడ వెనక గ్రీజు కారుతూ. మీ అమ్మనీ తీసుకెళ్ళాను ఆ ఊరు. పని అవగానే పైన కూచుని ఆ డ్రింకు తాగుదామే ఇద్దరం అన్నాను. అన్నానా లేదా?”

“అన్నారు,” అంది భార్య, టీలోకి చూస్తూనే.

“చూశారా! సాయంత్రం పనైపోయింది, మీ అమ్మ కింద సోఫాలో కూచుంది, చోటుందో లేదో చూసొస్తానని నేను ముందు పైకెళ్ళాను. తలుపు దగ్గర బంగారు గుండీల కోటు వేసుకుని ఒకాయన, రాజుగారిలా ఉన్నాడు. నన్ను చూశాడు. నా చేతులు చూశాడు. సెల్యూట్ కొట్టాడు! ‘సార్, తమరి చేతులకి గ్రీజుంది, తుడుచుకోండి’ అని పట్టు తువ్వాలిచ్చాడు. లోపలికెళ్ళి కూచున్నాను. గ్లాసొచ్చింది. లేత ఆకుపచ్చగా, మంచులో నానబెట్టిన చిగురాకులా ఉంది. అప్పుడే మీ అమ్మని పిలవాల్సింది. అదే నా బాధ. పిలుద్దామని లేచాను కూడా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ఏమైంది?” అన్నాడు టైలరు. 

“లిఫ్టు ఆగిపోయింది! రెండంతస్తుల మధ్య! లోపలెవరు? డ్రింకు కలిపేవాడు! వాడొక్కడికే దాని పాళ్ళు తెలుసు. ఊరంతా గొంతెండిపోయి కూచుంది. వాడు భయానికి ఆ కలిపే డబ్బాని ఊపుతూనే ఉన్నాడు, ఊపి ఊపి లోపల మంచు గడ్డకట్టి డబ్బా చేతికి అతుక్కుపోయింది. నేను షాఫ్టు తలుపు తీశాను. చూస్తే తాడు ఒక్కో పోగూ తెగుతోంది, టప్, టప్ మంటూ. ఏం చేశాను? గ్లాసు వదల్లేదు. ఒక చేత్తో గ్లాసు, ఒక చేత్తో గోడ పట్టుకుని, తాడు పళ్ళతో పట్టుకున్నాను.”

“లిఫ్టునీ, మనిషినీ?” అంది టీ కొట్టావిడ. 

“మనిషొక్కడేనా! హోటల్ ఓనరున్నాడు, వాళ్ళ అత్తగారుంది, వాయిద్యాల వాళ్ళు ముగ్గురూ, పడగ్గదికి మోస్తున్న బీరువా ఒకటి. అందర్నీ పళ్ళతో లాక్కుంటూ వచ్చాను, మధ్యమధ్యలో ఒక్కో గుటక వేసుకుంటూ.”

టైలరు చెయ్యెత్తాడు. “బావగారూ, చిన్న అనుమానం. నోట్లో తాడుంటే గుటక ఎలా వేశారు?”

“స్ట్రా ఉంటుందయ్యా పక్కనుంచి! కాక్‌టెయిల్ అంటే స్ట్రా ఉండదూ? బట్టలు కుట్టుకునేవాడివి, నీకేం తెలుస్తుంది. అప్పుడైనా మీ అమ్మని పిలుద్దును, కానీ నోట్లో తాడుందాయె. పిలవడం ఎలా? అదే బాధ. సరే, లాగాను. లాగితే, కుర్రతనం కదా, బలం తెలీలేదు, కాస్త ఎక్కువైంది. లిఫ్టు పై అంతస్తు దాటేసింది. కప్పు దాటేసింది. గడియారం పక్కనుంచి దూసుకుని పోయింది, ఆ ఊపుకి ముల్లు వెనక్కి తిరిగింది. నేను తాడు వదలకుండా దాని కింద వేలాడుతున్నాను. ఎక్కడిదాకా వెళ్ళాం? మబ్బుల్లోకి! వడగళ్ళు పడకముందు అక్కడ రాసులు పోసుంటాయి. కలిపేవాడు లిఫ్టులోంచి చెయ్యి చాపి నాలుగు గడ్డలు తీసి నా గ్లాసులో వేశాడు. నీళ్ళు మంచుగా మారితే ఒక రుచి, మంచుగానే పుట్టిన మంచుది ఒక రుచి. డ్రింకు భగ్గున ఎర్రగా అయిపోయింది, పొద్దు గుంకేటప్పటి సముద్రంలా.”

“ఇందాక ఆకుపచ్చన్నారు,” అంది టీ కొట్టావిడ.

“మారుతుంది చెల్లెమ్మా, అదేగా దాని గొప్ప! తర్వాత నీలం కూడా అవుతుంది. అసలు పైన అది తాగుతూ చూస్తే ఎలా ఉందనుకున్నావు. రేవులో ఓడలన్నీ అగ్గిపెట్టెల్లా, నా చేతిలో గ్లాసు చూసి ఒక్కసారిగా కూత వేశాయి. బయటికెళ్ళిపోతున్న ఓడలు వెనక్కి తిరిగాయి. కెప్టెన్లందరూ పరిగెత్తుకొచ్చి హోటలెక్కి సముద్రం వైపు కిటికీల దగ్గర నిలబడితే ఆ బరువుకి బిల్డింగు వంగిపోయింది. నేను దిగుతూ దిగుతూ భుజం ఆనించి నిలబెట్టాను. ఇప్పటికీ కాస్త వాలే ఉంటుంది, గమనించు. ఓనరు ఏడ్చేశాడు. ఉంగరంలో వజ్రం పీకి, దాంతో గ్లాసు మీద నా పేరు చెక్కి కౌంటరు వెనక వేలాడదీశాడు.”

“ఏ వైపు?” అన్నాడు టైలరు.

మెకానిక్కు నొక్కి పట్టిన వేలు ఒక్క క్షణం సడలింది, మళ్ళీ బిగిసింది.

“అక్కడే వచ్చింది చిక్కు. అమ్మలూ, ఈ మాట జాగ్రత్తగా విను. ఆ గ్లాసు ఇప్పుడు అక్కడుండదు. జనం ముట్టుకుని ముట్టుకుని పేరు అరిగిపోతోందని బ్యాంకులో పెట్టారు. అది కూడా వేరే ఊళ్ళో బ్యాంకు. నువ్వు అడిగితే వాళ్ళకి తెలియనే తెలియదంటారు, అలా అనమని వాళ్ళకి ఆర్డరుంది. అందుకని మేడమ్ ముందు అడక్కు. అసలు ఆ హోటలుకే వెళ్ళకండి. మీ నాన్న మాట విని సందులో దాంట్లో కూచోండి, హాయిగా ఉంటుంది. సరేనా? సరేనా తల్లీ?”

వేలు తీశాడు. వాయిస్ వెళ్ళిపోయింది. ఆయన ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

“ఇంకా వినలేదు. టాక్సీలో ఉందేమో. వింటే బాగుండు.”

టైలరు నవ్వబోయి ఆయన మొహం చూసి ఆపుకున్నాడు. బల్ల చివర భార్య టీ గ్లాసు కింద పెట్టింది.

“మీరు లోపలికి వెళ్ళలేదు కదండీ,” అంది.

“ఏమంటున్నావే?”

“తలుపు దాకా వెళ్ళారు. అక్కణ్ణుంచే దిగొచ్చేశారు. ‘ఇవాళ మూసేశారే, పద’ అన్నారు. దారంతా ప్యాంటుకి చేతులు తుడుచుకుంటూనే ఉన్నారు, గదికొచ్చాక కూడా.”

స్టవ్వు మీద పాలు పొంగుకొచ్చాయి. టీ కొట్టావిడ చూడకుండానే దించింది.

“మూయలేదని నీకెలా తెలుసు?” అన్నాడాయన.

“కింద కూచున్నది నేను కాదూ? కొత్త చెప్పులేసుకుని. మడమలు ఒరుసుకుపోతున్నా విప్పకుండా కూచున్నాను. లిఫ్టు తలుపు తీసుకున్నప్పుడల్లా లోపల్నుంచి మంచి మంచి బట్టల్లో మనుషులు, నవ్వులు, ఆ అత్తరు వాసన. మూసేసిన చోటికి ఇంతమంది ఎందుకెక్కుతున్నారండీ అని అడిగేదాన్నే. మీ మొహం చూసి అడగలేదు.” కూరల సంచీ ముడి విప్పి మళ్ళీ వేసింది. “అడగాల్సింది. అడిగుంటే పదండి ఇద్దరం వెళ్దాం అనేదాన్ని. ఆపితే ఇద్దర్నీ ఆపేవాళ్ళు, అంతే కదా. మీరొక్కరే మోసుకొచ్చారు దాన్ని కిందిదాకా.”

“ఆ గుండీల కోటాయన నిన్ను కూడా అలా చూస్తాడేమోనని,” అన్నాడు మెకానిక్కు. టైలరు మెడలో టేపు తీసి చుట్టడం మొదలుపెట్టాడు, చుట్టిందే విప్పి మళ్ళీ చుట్టాడు.

ఆవిడ చెయ్యి చాపింది. ఆయన ఫోనిచ్చేశాడు. ఎలా నొక్కాలో టీ కొట్టావిడ చూపించింది.

“అమ్మలూ, అమ్మని. నాన్న చెప్పింది తర్వాత తీరిగ్గా విని నవ్వుకో. అక్కడ గ్లాసు లేదమ్మా. ఎప్పుడూ లేదు. మీ మేడమ్‌తో అడిగించకు, చిన్నప్పటి కథ అని చెప్పెయ్యి, ఏం తప్పు లేదు. కానీ గడియారం హోటలుకే వెళ్ళు. ఆ లిఫ్టు నాన్న వాళ్ళు బిగించిందే, అది మాత్రం కోతలు కాదు. పైన ఆగినప్పుడు కింద చూడు, లిఫ్టు నేలా గది నేలా ఒక్క ఎత్తులో ఉంటాయి, అంచు కాలికి తగలదు. దానికోసమే పని అయిపోయిందన్నాక కూడా మళ్ళీ షాఫ్టులోకి దిగి కూచున్నారు నాన్న. వెళ్ళి కిటికీ పక్కన కూచో. నా వంతు కూడా తాగు.”

వేలు తీసి ఫోను బల్ల మీద పెట్టింది. టీ కొట్టావిడ ఎవరూ చెప్పకుండానే నలుగురికీ ఇంకో టీ పోసింది. మెకానిక్కు మాట్లాడకుండా ఉండటం ఆ బల్లకి కొత్త.

చాలాసేపటికి ఫోను మోగింది. టైలరే నొక్కాడు.

“అమ్మా, వచ్చేశాం.” వెనక ఏదో పాట, గ్లాసుల చప్పుడు. “మా మేడమ్ తల తిప్పి వెతుకుతుంటే చెప్పేశాను, అది నేను అన్నం తినడానికి నాన్న కట్టిన కథ అని. ఆవిడ నవ్వి, మా నాన్న అయితే కొట్టి తినిపించేవాడు అంది. లిఫ్టుకి కొత్త పెయింట్ వేశారుగానీ అదేనట, అడిగాను. చెప్పులు విప్పి చూశానమ్మా. వట్టి కాలికి కూడా తగల్లేదు. కిటికీ పక్కనే కూచున్నాం. ఇదిగో, తెస్తున్నారు, గ్లాసొచ్చింది…”

అక్కడితో అయిపోయింది. భార్య దాన్నే ఇంకోసారి పెట్టించుకుని వింది.

మెకానిక్కు ఫోను తీసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. నొక్కి పట్టాడు, ముందు స్టవ్వు చప్పుడే అందులోకి వెళ్ళింది.

“అమ్మలూ,” అన్నాడు చివరికి, “అది ఏ రంగులో ఉందమ్మా?”