రాసినవాళ్లే తీసెయ్యాలి

పాతబడటం, పనికిరాకపోవటం ఒకటి కావు కదా, ఆ తేడా ఈ పిల్లకి నేర్పింది నేనే కదా, అనుకుంటూ అతను కంప్యూటర్ తెర వైపే చూస్తున్నాడు. సర్వర్లకు సెట్టింగులు పంపే సిస్టమ్‌లోంచి పాత ప్రాజెక్టులను ఏరేస్తున్నారు. అతని పేరు మీద ఒక్కటే మిగిలింది. ఒకప్పటి శిష్యురాలు, ఇప్పటి మేనేజరు, పక్కనే నిలబడి ఉంది.

"రాసినవాళ్లే తీసెయ్యాలి సార్. ఈ పద్ధతి మీరు పెట్టిందే."

"దీన్నొక్కదాన్నీ వదిలెయ్యమ్మా. ఇదీ పోతే నాకిక్కడ పనేముంటుంది?"

"అది పైవాళ్లు చూసుకుంటారు లెండి."

"దీనిమీద రెండు సర్వర్లు ఇంకా నడుస్తున్నాయి. రోజూ నేనే చూసుకుంటున్నా."

"వాటిని వేసవిలోనే పీకేశాం సార్."

"మరి నేను రోజూ మారుస్తున్న సెట్టింగులు?"

"గాల్లో కలుస్తున్నాయి."

"ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెబుదామనే అనుకున్నాం. మీరు పొద్దున్నే వచ్చి అంత శ్రద్ధగా కూర్చుంటుంటే, మావాళ్లకి భలే కాలక్షేపంగా ఉండేది సార్."

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ప్రాజెక్టు పేరు టైప్ చేస్తేనే పోతుంది. కానివ్వండి, నాకు మీటింగుంది."

అతను టైప్ చేశాడు.

"ఒక అక్షరం తప్పు కొట్టారు సార్."

అతను కళ్లజోడు తుడుచుకుని, ఆ అక్షరం దిద్ది, బటన్ నొక్కాడు.